ఇంటికొచ్చాను, అందరికీ థాంక్స్

మొన్న రాత్రి ఇల్లు చేరాను. ఫోన్ ఓడతోనే పోయింది, ఇది మా బావమరిది ఫోన్‌లో రాస్తున్నాను. మెసేజ్‌లు పెట్టినవాళ్లందరికీ విడివిడిగా జవాబివ్వలేకపోతున్నా, ఏమీ అనుకోకండి. పడుకుంటే మంచం ఒరుగుతున్నట్టే ఉంది.

ఏం జరిగిందని అందరూ అడుగుతున్నారు. ఒక్కసారే చెబుతా. నేను సెకండ్ ఆఫీసర్‌ని, అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్, అంటే ఓడ నడిపే డ్యూటీ, నాది. రెండూ నలభైకి ఓడ ఎడమకి ఒరిగింది. మామూలుగా ఒరిగిన ఓడ మళ్లీ లేస్తుంది. ఇది లేవలేదు. హోల్డుల్లో, అంటే సరుకు నింపే అరల్లో, ఉన్నది నికెల్ ఖనిజం, చూడ్డానికి ఎర్రమట్టే. తడి ఎక్కువైతే ఓడ ఊగుడికి జావలా అయిపోయి ఒక పక్కకి జారిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో సురిగావో దగ్గర వానల్లోనే ఎక్కించారు. డబ్బాలో సగం దాకా ఆ మట్టి పోసి 25 సార్లు గట్టి నేలకేసి కొడతాం, పైకి నీళ్లు ఊరితే ఎక్కించకూడదు. ఊరాయి. సరుకు వాళ్లిచ్చిన కాగితంలో మాత్రం తేమ హద్దులోనే ఉంది. కెప్టెన్ గారు అడిగితే ఆఫీసు నుంచి 'ప్రొసీడ్' అని వచ్చింది. 2017లో ఎమరాల్డ్ స్టార్ అనే ఓడ ఇదే సరుకుతో ఫిలిప్పీన్స్‌కి తూర్పున మునిగినప్పుడు 26 మంది మనవాళ్లలో 10 మంది రాలేదు. ఓడలో ఆ సంగతి తెలియనివాడు లేడు. అలారం మోగిన ఇరవై నిమిషాలకి మా ఓడ లేదు. 21 మందిమి, 19 మందిమి వచ్చాం. మిగతా ఇద్దరూ ఇంజిన్ రూమ్‌లో ఉన్నారు.

నేను ఈ పోస్ట్ రాస్తున్నది అసలు ఒక మనిషి కోసం.

ప్రాణాలు కాపాడే రబ్బరు తెప్ప, రాఫ్ట్‌లో తొమ్మిది గంటలున్నాక, మేం వదిలిన నారింజ రంగు పొగ చూసి ఒక చేపల పడవ వచ్చింది. రెండు పక్కలా వెదురు రెక్కలున్న చెక్క పడవ అని తర్వాత చూశాను. అప్పటికి నాకేమీ కనపడట్లేదు. ఓడ నుంచి పైకి తేలిన ఆయిల్ కళ్లలో, చెవుల్లో, జుట్టులో. రెప్పలు అంటుకుపోయాయి. ఎవరో నా తల తన తొడ మీద పెట్టుకున్నారు. తర్వాత కొబ్బరినూనె వాసన. కాదు, ముందు వాసనే. మాది ఉద్దానం, ఆ వాసన నాకు ఒకరు చెప్పాలా! గుడ్డపేలిక నూనెలో ముంచి, నొక్కకుండా, కంటి కొస నుంచి బయటికి తుడుస్తున్నాడు. ఏదో అంటున్నాడు, భాష తెలియదు గానీ గొంతు తెలుసు, పిల్లలకి తలంటేటప్పుడు ఇంట్లో పెద్దాళ్లు బుజ్జగించే గొంతు. రాఫ్ట్‌లో ఏడవనివాణ్ణి అక్కడ ఏడ్చేశాను. ఏడుపుకి నూనంతా కారిపోతే మళ్లీ మొదట్నుంచీ తుడిచాడు. విసుక్కోలేదు.

కళ్లు తెరిస్తే అరవై ఏళ్ల మనిషి, పైన రెండు పళ్లు లేవు. 'కైన్, కైన్' అంటూ అన్నం, ఉప్పుచేప పెట్టాడు. తినమని. అది వాళ్లు వండుకున్న అన్నం, మాకే సరిపోయింది. తర్వాత తన చెప్పులు విప్పి నాకు తొడిగాడు. ఎడమదాని పట్టీ తెగితే గేలపు తాడుతో కట్టుకున్నాడు. మనీలాలో ఏజెంట్ బూట్లు కొనిచ్చినా ఆ చెప్పులతోనే ఇంటికొచ్చాను. పేరు అడగలేదండీ. 'సలామత్ కుయా' అన్నాను, థాంక్స్ అన్నా అని, అంతే.

అమ్మ, నాన్న, మా ఆవిడ, బావ... మీకు థాంక్స్ అంటే తిడతారు.

నిన్న డూప్లికేట్ సీడీసీ (ఓడ ఉద్యోగుల గుర్తింపు పుస్తకం) కోసం ఒక ఆఫీసుకి వెళ్లాను. పోయిన చోట స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాయించి తెమ్మన్నారు. అక్కడ నాలుగు వేల మీటర్ల నీళ్లున్నాయండీ అన్నాను. 'అయితే నోటరీ అఫిడవిట్ పెట్టండి, మూడో కౌంటర్' అన్నాడు తలెత్తకుండా. ఓడ మునిగితే ఖాళీగా ఉన్న రోజులకి రెండు నెలల దాకా జీతమివ్వాలని ఓడ ఉద్యోగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం, మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006లో ఉంది కదా, కంపెనీకి మెయిల్ పెట్టాను. 'నోటెడ్' అని వచ్చింది. ఆ ఇద్దరి ఇళ్లకి ఏమని రాశారో తెలియదు. నేను ఫోన్ చేయాలి. నంబర్లు పాత ఫోన్‌లో ఉండిపోయాయి.

అయ్యో, కాలర్ పట్టుకుని నన్ను రాఫ్ట్‌లోకి లాగిన బోసన్ గారిని (డెక్ మీద పనివాళ్ల పెద్ద) మర్చిపోయా! ఆయన లేకపోతే ఈ పోస్టే లేదు. సాయంత్రం దారి మళ్లించుకుని వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్న కార్గో షిప్ వాళ్లకి, ఆదివారం పూట ట్రావెల్ పేపర్ ఇప్పించిన ఎంబసీ మేడంకి, పలాస స్టేషన్ నుంచి డబ్బులు తీసుకోకుండా దింపిన ఆటో తమ్ముడికి కూడా.

ఇంకోటి. ఆ చెప్పులు ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో చెబుదామని లేచేసరికి, అమ్మ అప్పటికే సబ్బు పెట్టి తోమి ఎండలో పెట్టేసింది.