క్రోధి నామ సంవత్సర వార్షిక నివేదిక (2024 ఉగాది – 2025 ఉగాది)

చెన్నైలోని మన తెలుగు సాంస్కృతిక సంఘం సభ్యులకు నమస్కారం.

ఏటా ఉగాది పచ్చడితో మొదలై, కార్తిక వనభోజనాల మీదుగా, సంక్రాంతి ముగ్గుల పోటీతో ముగిసే నివేదిక చదివి అలవాటైనవారికి ఈసారి కొంత తేడా కనిపిస్తుంది. పండుగలన్నీ జరిగాయి, బాగానే జరిగాయి. గ్రంథాలయానికి పిల్లల పుస్తకాలు వచ్చాయి. ఆదివారం తెలుగు తరగతులు నడుస్తున్నాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాం. అయితే కార్యవర్గం సమయంలో ఎక్కువ భాగం ఎండకూ, వానకూ, వాటి వెంట వచ్చే జబ్బులకూ పోయింది. అందుకే ఇక్కడా వాటికే పెద్దపీట.

2024 వేసవిలో చెన్నైలోని పెరంబూరు, వ్యాసర్పాడి వైపు చలివేంద్రాలు పెట్టాం. రాష్ట్ర ఆరోగ్య శాఖ కూడా ఆ ఎండల్లో ఓఆర్‌ఎస్ (ఒంట్లో తగ్గిన నీళ్లూ లవణాలూ భర్తీ కావడానికి నీళ్లలో కలిపి తాగే పొడి) ఇచ్చే కేంద్రాలు తెరిచింది. మన దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమంది తెల్లవారకముందే చీపురు పట్టి, ఎండ ముదిరేదాకా రోడ్డు మీదే ఉండే పారిశుద్ధ్య కార్మికులు. చెన్నైలో ఆ పనిలో తరతరాలుగా తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడికి పోయింది తక్కువ. పొట్లం మీది రాత ఏ భాషలో ఉన్నా వాళ్లకు ఒకటే. ఒక పెద్దమ్మ ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం స్టీలు గ్లాసులో వంపి, ఒక్క గుక్క తాగి ఊసేసి, మిగతా పొట్లాలు మనకే తిరిగి ఇచ్చేసింది. లీటరు నీళ్లలో కలపాల్సిన పొడిని గ్లాసుడు నీళ్లలో కలిపితే మేలు మాట దేవుడెరుగు, ఒంటికి చేటు. ఆ మర్నాటి నుంచి లీటరు సీసా పక్కన పెట్టుకుని, కళ్లముందే కలిపి చూపించి ఇచ్చాం. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలని బొమ్మలతో అట్ట మీద రాసి కట్టాం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ అని, నీళ్లతో తడుపుతూ వెంటనే 108కి ఫోను చేయాలని, స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదని కూడా అదే అట్ట మీద రాశాం.

ఎండల విషయంలో చెన్నైకి ఒక చిక్కుంది. తీర ప్రాంతంలో వడగాలి అని వాతావరణ శాఖ ప్రకటించాలంటే ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు చేరడం ఒక్కటే చాలదు. ఆ రోజుల్లో మామూలుగా ఉండేదానికంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ కూడా ఉండాలి. మే నెలలో ఇక్కడ మామూలే 37 అటూ ఇటూగా ఉంటుంది. అంటే 41, 42 దాకా పోతే తప్ప వడగాలి హెచ్చరిక రాదు. ఉక్కపోతలో మనిషి కూలబడడానికి అంత అక్కర్లేదు. చెమట ఆరితేనే ఒంట్లో వేడి దిగుతుంది. గాలి నిండా తేమ ఉంటే ఆరేదెక్కడ? తేమను కూడా కలిపి లెక్కకట్టే ఉష్ణ సూచికను వాతావరణ శాఖ 2023లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. చెన్నైకి హెచ్చరికలు ఆ లెక్కనే రావాలని కార్యవర్గం అభిప్రాయం.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదనడం సరికాదు. 2010 మే నెల ఎండల్లో ఎందరినో పోగొట్టుకున్న అహ్మదాబాదు, 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి మిగతా నగరాలకు దారి చూపింది. వాతావరణ మార్పు, ఆరోగ్యంపై కేంద్రం 2019లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారన్నది మన సభ్యుల్లో చాలామంది బంధువుల ఇళ్లలో ఇంకా మరుపురాని మాట. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరులో వడగాలిని రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ఇస్తామంది. అప్పటికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో వడగాలి లేదు. అలాంటి స్థానిక విపత్తులకు రాష్ట్ర విపత్తు నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చన్న నిబంధన ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఆ ప్రకటన పత్రికల్లో వచ్చిన వారంలోనే ఒక కుటుంబం మన కార్యాలయానికి వచ్చింది. తాపీ పని చేసే ఇంటి పెద్ద మే నెలలో పనిలోనే పడిపోయాడు. ఉత్తర్వు రాకముందు జరిగింది కాబట్టి సాయం అందదని చెప్పక తప్పలేదు. అయితే వాళ్లు తెచ్చిన కాగితంలో మరణకారణం చోట గుండె ఆగిపోయిందని మాత్రమే ఉంది. గుండె ఆగకుండా పోయేవారెవరు? ఎందుకు ఆగిందో రాయాలి కదా. ఉత్తర్వు ముందే వచ్చి ఉన్నా ఆ కాగితంతో పైసా రాలేది కాదు. కాబట్టి సభ్యులకు మనవి: ఎండలో పని చేస్తూ పడిపోయినవారిని ఆసుపత్రికి తీసుకెళ్తే ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ పనిలో పడిపోయారో డాక్టరు గారికి చెప్పి కేసు కాగితంలో రాయించండి. దుఃఖంలో ఉన్నవారికి ఇది తోచదు, పక్కనున్నవారే చూసుకోవాలి.

ఇక వానలు. అక్టోబరు మధ్యలో వాన హెచ్చరిక రాగానే, నీళ్లలో మునగకుండా వేళచ్చేరి వంతెన మీదికి తెచ్చి నిలిపిన కార్లు బారులు తీరిన దృశ్యం అందరూ చూశారు. 2015 డిసెంబరు వరదలను, 2023 మిచౌంగ్ తుపానును చూసినవారిని చూసి నవ్వలేం. నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. నీళ్లు తీసిన తర్వాత మన పని మొదలైంది: సంపులు తోడి కడిగించడం, నీళ్లలో నడిచి కాళ్లు పుండ్లు పడినవారికి జ్వరం వస్తే ఎలుక జ్వరమేమో (లెప్టోస్పైరోసిస్) చూపించుకోమని చెప్పడం, వైద్య శిబిరం ఎక్కడో కనుక్కుని తీసుకెళ్లడం.

డెంగీ దగ్గర మాత్రం కొంచెం కటువుగా చెప్పాలి. దోమల తనిఖీకి నగరపాలక సంస్థ సిబ్బంది వస్తే, మన సభ్యుల ఇళ్లలోనే కొందరు మేడ మీదికి వెళ్లనివ్వలేదు. ఒక ఇంట్లో పట్టుబట్టి చూస్తే తొట్లన్నీ శుభ్రం, ఫ్రిజ్ వెనక నీళ్లు దిగే పళ్లెంలో పురుగులు ఈదుతున్నాయి. డెంగీ దోమకు మురుగు అక్కర్లేదు, మంచినీళ్లే కావాలి. గుడ్డు దోమ కావడానికి ఎనిమిది నుంచి పది రోజులు చాలు. వారానికోసారి ఆ పళ్లెం వంపేయడానికి ప్రభుత్వం రావాలా? మీ వీధిలో నీళ్లు నిలిస్తే మాత్రం నగరపాలక సంస్థ ఫిర్యాదుల నంబరు 1913కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోండి.

సంబంధిత కార్యాలయాలకు మనం ఇచ్చిన వినతిపత్రంలో మూడు కోరికలున్నాయి: తెలుగువారు ఎక్కువగా ఉన్న వార్డుల్లో హెచ్చరికలు తెలుగులోనూ ఇవ్వాలి, వేసవిలో ఊడ్చే పని ఎండెక్కకముందే ముగియాలి, రేకుల ఇళ్లకు వేడిని తిప్పికొట్టే తెల్ల పూత వేయించాలి. ఈ పూతల కోసం తెలంగాణ 2023లోనే ప్రత్యేక విధానం తెచ్చింది. వినతిపత్రానికి రసీదు ఇచ్చారు, జవాబు ఇంకా రాలేదు.

సాంస్కృతిక సంఘానికి ఈ గొడవ ఎందుకని ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. వారి అభ్యంతరం సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాం. అన్నదానం పద్దులో మిగిలిన సొమ్ముతో కొన్ని రేకుల ఇళ్లకు మనమే పూత వేయించాలన్న ప్రతిపాదనపైనా అక్కడే ఓటింగు ఉంటుంది. సభ్యుల్లో డాక్టర్లు, నర్సులు ఉంటే వేసవి శిబిరాలకు పేర్లు ఇవ్వండి. చలివేంద్రాల కుండలు మాత్రం ఈసారి పెరంబూరులోనే కొనాలని, పోయినేడాది ఆటో కిరాయి కుండల ఖరీదును మించిందని కోశాధికారి గారు రాసి ఇచ్చారు.

గౌరవ కార్యదర్శి