పంపు వెనకాల ఉన్న ఆ చిన్న స్క్రూ

అమ్మడూ,

లారీ ఎత్తు ఎక్కడం లేదని, లోడు మీద ఉన్నప్పుడు గేర్లు దించుకుంటూ పోవాల్సి వస్తోందని నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. "పంపు వెనకాల స్క్రూ ఎంత తిప్పాలి నాన్నా?" అని అడిగావు, అదే, ఇంజన్‌కి డీజిల్ పోసే పంపులో డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించే స్క్రూ. చెబుతాను. కానీ దాని దగ్గరికి వచ్చేలోపు చూడాల్సినవి చాలా ఉన్నాయి. అవన్నీ అయ్యేదాకా ఆ స్క్రూని కదలకుండా పట్టే లాక్ నట్ మీద స్పానర్ పెట్టకు.

పెట్రోలు ఇంజన్‌లో పెడల్ తొక్కితే గాలి దారి తెరుచుకుంటుంది. మన పాత డీజిల్ ఇంజన్‌లో గాలికి అడ్డేమీ లేదు, ప్రతిసారీ అందినంతా పీల్చుకుంటుంది. పెడల్‌తో మారేది డీజిల్ ఒక్కటే. లెక్క ప్రకారం కిలో డీజిల్ కాలడానికి పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. కానీ సిలిండర్‌లో అవి రెండూ కలవడానికి దొరికే సమయం కంటి రెప్ప వేసేంత కూడా ఉండదు. అందుకని 18, 20 కిలోల దాకా గాలి ఉంటేనే పొగ లేకుండా కాలుతుంది. ఆ హద్దు దాటి డీజిల్ పోస్తే మిగిలింది నల్లపొగై పోతుంది. బలం కాస్త పెరుగుతుంది, వేడి మాత్రం అంతకంటే చాలా ఎక్కువగా పెరుగుతుంది.

నువ్వు పుట్టకముందు సంగతి ఒకటి చెప్పాలి. పని కొత్తగా నేర్చుకున్న రోజుల్లో నా చేతికి ఇలాంటి బండే వచ్చింది, పుల్లింగ్ లేదన్నారు. నేను ఇంకేదీ చూడకుండా ఆ స్క్రూ నిండుగా ఒక చుట్టు తిప్పాను. బండి బాణంలా పోయింది, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఒక పొడవాటి ఎత్తు మీద నిండు లోడుతో ఎక్కుతుండగా ఇంజన్ ఆగిపోయింది. హెడ్ విప్పి చూస్తే ఒక పిస్టన్ తల కొవ్వొత్తిలా కరిగి ఉంది. అసలు రోగం ఎక్కడుందో అప్పుడు దొరికింది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి వచ్చే రబ్బరు హోసు అడుగువైపు చీలి ఉంది, పైనుంచి చూస్తే కనబడదు. గాలి తక్కువై బలం పోయిన ఇంజన్‌కి నేను ఇంకా డీజిల్ పోశాను. ఆ పిస్టన్‌ని పారేయలేదు. పాత పెట్టెలో ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

అందుకే ముందు గాలి. ఎయిర్ ఫిల్టర్ విప్పు, హోసులన్నీ వేళ్ళతో తడిమి చూడు, క్లాంపులు బిగించు. తర్వాత క్యాబిన్‌లో ఎవరినైనా కూర్చోబెట్టి పెడల్ నేలకంటా తొక్కమను, నువ్వు పంపు దగ్గర నిలబడి లివర్ పూర్తిగా స్టాపర్‌కి తగులుతోందో లేదో చూడు. చాలామంది ఇది చూడరు. కేబుల్ సాగిపోయో, లింకు పిన్నులు అరిగిపోయో లివర్ ముప్పావు దూరంలోనే ఆగిపోతుంది, మనం పంపుని తిడుతూ కూర్చుంటాం.

ఆ తర్వాత డీజిల్ వచ్చే దారి. ఫిల్టర్లు మార్చు, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు జాలీ కడుగు. మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగి వెళ్ళే రిటర్న్ లైన్‌లో కాసేపు పారదర్శకమైన గొట్టం పెట్టి చూస్తే గాలి బుడగలు వస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. బుడగలు కనిపిస్తే ఎక్కడో వాషరు పోయిందని అర్థం. ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు, పంపు టైమింగ్ కూడా ఒకసారి సరిచూడు.

సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ దగ్గర తొందరపడకు. ఒక్కొక్కటీ హ్యాండ్ టెస్టర్ మీద పెట్టించు. ఇలాంటి పాత ఇంజన్లలో చాలావాటికి 200 బార్ అటూ ఇటూ ప్రెషర్‌లో నాజిల్ తెరుచుకోవాలి, మీ ఇంజన్ పుస్తకంలో ఉన్న అంకెనే పట్టుకో. పొగమంచులా చిమ్మాలి, చివర చుక్క కారకూడదు. చుక్క కారే నాజిల్ ఉన్న ఇంజన్‌లో స్క్రూ తిప్పితే ఆ సిలిండరే ముందు కాలిపోతుంది. ఇంకోటి, ఇది తండ్రిగా చెబుతున్నాను. ఆ చిమ్మే దానికి అడ్డంగా చెయ్యి పెట్టకు, ఎప్పుడూ. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే ఉంటుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. కానీ అది ఆపరేషన్ దాకా పోయే గాయం, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఎత్తు మీద కూడా పొగ దాదాపు రాకుండా, బలం మాత్రం లేకపోతే అప్పుడే స్క్రూ మాట. నల్లపొగ వస్తుంటే డీజిల్ ఇప్పటికే ఎక్కువుంది, పెంచే పనే లేదు.

నీది ఒకే చోటి నుంచి అన్ని సిలిండర్లకీ డీజిల్ పంచే రోటరీ పంపు కాబట్టి ఒకే స్క్రూ అన్ని సిలిండర్లకీ సమానంగా పెంచుతుంది. వరస పంపు అయి ఉంటే అసలు చెయ్యి పెట్టనిచ్చేవాణ్ణి కాదు. అందులో డీజిల్‌ని నెట్టే ప్లంజర్ సిలిండర్‌కొకటి, అన్నిటినీ కలిపి తిప్పే ర్యాక్ ఉంటాయి. బాష్ వాళ్ళు 1927లో తయారీ మొదలుపెట్టినప్పటి నుంచీ సూత్రం అదే. ప్లంజర్‌కీ, అది కదిలే బ్యారెల్‌కీ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు మూడు. అన్నీ సమానంగా పోస్తున్నాయో లేదో కాలిబ్రేషన్ బెంచి మీద గాజు గొట్టాల్లో కొలిచి చూడాల్సిందే, కంటితో తెలిసేది కాదు.

ఇక తిప్పే పద్ధతి. ముందు పంపు పైన ఏళ్ళ దుమ్మంతా శుభ్రంగా కడుగు. స్క్రూ బయటికి ఎంత పొడుచుకొచ్చిందో వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసుకో, పెయింట్‌తో గీత కూడా పెట్టు. స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్ నట్ వదులు చెయ్యి. లోపలికి తిప్పితే డీజిల్ పెరుగుతుంది. చుట్టులో ఎనిమిదో వంతు, అంతే. నట్ బిగించి మళ్ళీ కొలువు, బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంటుంది. ఐడ్లింగ్ పెరుగుతుంది, దాన్ని ఐడ్లింగ్ స్క్రూతో కిందికి తెచ్చుకో. మ్యాక్సిమమ్ స్పీడ్ స్క్రూకి సీలు ఉంటుంది, దాని జోలికి పోకు.

స్టార్ట్ చేసేముందు డీజిల్ ఆపే లివర్ చేత్తో పనిచేస్తోందో లేదో చూసుకో. స్క్రూ ఎక్కువ తిప్పిన ఇంజన్ పెడల్ వదిలినా దిగదు, రేసు మీద రేసు ఎక్కిపోతుంది. గాలి పీల్చే దారి మూయడానికి ఒక గట్టి చెక్క పలక దగ్గర పెట్టుకో, అరచెయ్యి మాత్రం అడ్డం పెట్టకు.

టర్బోకి ముందు, ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ వేడి చూపించే మీటర్ ఒకటి బిగించుకుంటే నాకు నిశ్చింత. ఎత్తు మీద అది 700 డిగ్రీల సెల్సియస్ వైపు పోతుంటే పెడల్ వదిలి గేరు దించు, ఇంటికొచ్చాక ఆ ఎనిమిదో వంతు వెనక్కి తిప్పెయ్యి.

పెడల్ తొక్కించినప్పుడు లివర్ స్టాపర్‌కి తగిలిందా లేదా, ఎత్తు మీద పొగ ఏ రంగులో ఉంది, ఈ రెండూ ముందు రాయి. అప్పటిదాకా లోడు కొంచెం తగ్గించి నడుపు.

మీ నాన్న