విజ్ఞాన ప్రదర్శనలో ఖర్చుల పట్టిక ఎందుకు అడిగాము?

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

విజ్ఞాన ప్రదర్శనలో రంగురంగుల దీపాలతో మెరిసిన రోబో చేతికి కాకుండా, ఒక మామూలు ప్లాస్టిక్ డబ్బాలో అమర్చిన నీటి ట్యాంకు అలారానికి ప్రథమ బహుమతి ఎలా వచ్చిందన్న చర్చ మీ వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా చల్లారలేదని తెలిసింది. ప్రతి నమూనా పక్కనా తయారీ ఖర్చు, కొనేవారెవరు, ప్రస్తుతం వారు ఆ పనిని ఎలా నెట్టుకొస్తున్నారు అన్న వివరాలు రాసిపెట్టాలన్న నిబంధన, సైన్సు చదవవలసిన పిల్లలకు వ్యాపారం నూరిపోయడమేనని కొందరు అభిప్రాయపడినట్టు కూడా విన్నాను. ఈ నెల లేఖ ప్రధానంగా ఆ విషయం గురించే.

యూనిట్ పరీక్షల జవాబు పత్రాలు సోమవారం ఇంటికి వస్తాయి, సంతకం చేసి పంపండి. గ్రంథాలయ పుస్తకాలు నెలాఖరులోగా తిరిగి చేరాలి.

ఆ అలారం తయారు చేసినవారు తొమ్మిదో తరగతి విద్యార్థినులు ఇద్దరు. నీరు రెండు రాగి తీగలను తాకగానే వలయం పూర్తయి బజర్ మోగే పద్ధతి ప్రయోగశాలలో చక్కగానే పనిచేసింది. కొన్ని వారాలు వాడేసరికి, నీటిలో ఏకముఖ విద్యుత్తు (ఒకే దిశలో పారే కరెంటు) ప్రవహించడం వల్ల విద్యుద్విశ్లేషణ అనే రసాయన చర్య జరిగి ధన ధ్రువానికి కలిపిన తీగ కరిగిపోయింది. వారు తీగలను తీసేసి నీటిపై తేలే స్విచ్చు పెట్టారు. వాడి చూసిన వృద్ధులు బజర్ వినబడటం లేదంటే దీపం కూడా చేర్చారు. ఖర్చుల పట్టికలో పాడైన విడిభాగాలతో పాటు తాము పనిచేసిన గంటలను సైతం లెక్కకట్టారు. సొంత శ్రమను సున్నాగా వేసుకుని లాభం వచ్చిందనుకునే పెద్దలను చూశాను గనుక, ఆ వరుస చదివినప్పుడు కలిగిన గర్వాన్ని దాచుకోలేను. తన ఆటోమేటిక్ పుస్తకాల స్టాండును కొనబోమని అడిగినవారంతా చెప్పారని, వారు చెప్పిన కారణాలతో సహా నిజాయితీగా రాసిన ఎనిమిదో తరగతి అబ్బాయికి నేనైతే రెండో బహుమతి ఇచ్చేవాడిని, న్యాయనిర్ణేతలు ఒప్పుకోలేదు.

ఇది సైన్సు కాదనేవారికి ఒక్క మాట. 1856లో రసాయనశాస్త్రం చదువుతున్న పద్దెనిమిదేళ్ల ఆంగ్లేయుడు విలియం పెర్కిన్ మలేరియా మందైన క్వినైన్ తయారు చేయబోగా అతనికి దక్కింది ఊదారంగు. అతను దానితో అద్దిన పట్టు నమూనాను స్కాట్లాండ్‌లోని ఒక అద్దకం సంస్థకు పంపి అభిప్రాయం అడిగాడు. సరుకు ధర మరీ పెరగనట్లయితే ఇది ఎంతో విలువైనదన్నది వారి జవాబు సారాంశం. పట్టుకు సులభంగా అంటిన ఆ రంగు నూలుకు అంటలేదు. దాన్ని నిలిపే పద్ధతి కనుగొనడానికి అతను మళ్లీ రసాయనశాస్త్రాన్నే ఆశ్రయించవలసి వచ్చింది. జేమ్స్ వాట్ 1769లో పేటెంటు (ఆవిష్కరణపై చట్టమిచ్చే ప్రత్యేక హక్కు) పొందిన ఆవిరి యంత్రాన్ని తన వ్యాపార భాగస్వామి మాథ్యూ బౌల్టన్‌తో కలిసి గనుల యజమానులకు అందించినప్పుడు, పాత యంత్రంతో పోలిస్తే ఆదా అయిన ఇంధనం విలువలో మూడో వంతును రుసుముగా అడిగారు. ఎంత బొగ్గు మిగిలిందో కొలవనిదే ఆ ధర నిర్ణయించలేరు. కొనేవాడి అవసరం కూడా ఉష్ణోగ్రతలాగే కొలిచి తెలుసుకోవలసిన విషయమని మన పిల్లలు ఈ వయసులోనే గ్రహించాలని నా పట్టుదల.

మీరు పిల్లల కోసం పడుతున్న శ్రమను మేము ఎంతగానో గౌరవిస్తాము. అయితే బజారులో దొరికే కిట్టును పెద్దలే రాత్రికి రాత్రి బిగించి పంపితే, మోటారు ఎందుకు వేడెక్కుతోందని అడిగినప్పుడు బిడ్డ మీ వైపు చూడవలసి వస్తుంది. నమూనా పూర్తికాకముందే దాని లోపలి అమరికను వీడియో తీసి అందరికీ పంపడం కూడా దయచేసి మానుకోండి. దరఖాస్తుకు ముందే బహిరంగమైన ఆవిష్కరణకు చాలా దేశాల్లో పేటెంటు దక్కకుండా పోయే ప్రమాదముంది.

వచ్చే నెల రెండో శనివారం తయారీ ఖర్చు లెక్కకట్టడంపై శిక్షణ ఉంటుంది. తయారీ, అమ్మకం, గణాంకాల రంగాల్లో పనిచేస్తున్న తల్లిదండ్రులు వచ్చి పిల్లల ప్రశ్నలకు జవాబులివ్వగలిగితే సంతోషిస్తాము. పట్టిక నింపే పని మాత్రం పిల్లలకే వదిలేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
ప్రధానోపాధ్యాయుడు