లోయ నడకల బృందం వార్షిక నివేదిక – 2025

గౌరవ సభ్యులకు నమస్కారం.

రాబోయే సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కోసం 2025 కార్యకలాపాల నివేదికను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. స్విట్జర్లాండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలు కలిసి కొండదారుల్లో నడిచే మన బృందం ఎందుకు పుట్టిందో, ఏం చేస్తుందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా ఈ ఏటి సంగతుల్లోకి వస్తాను.

ముందుగా ధన్యవాదాలు. ప్రతి నడకకూ ముందు వారమే సొంత ఖర్చుతో వెళ్ళి దారి చూసొచ్చిన వాళ్ళకు మొదటి దండం. ఆదివారం పొద్దున్నే రైలెక్కి, కేబుల్ కార్ దిగి, హాయిగా నడక మొదలుపెడుతున్నామంటే, అంతకుముందే ఒకరు ఆ దారంతా తిరిగి మంచు ఎక్కడ మిగిలుందో, చలికాలం తీసేసిన చెక్క వంతెన మళ్ళీ వేశారో లేదో, టాయిలెట్ ఎంత దూరంలో ఉందో, కిందికి దిగే చివరి బండి ఎన్నింటికో రాసుకొచ్చారని గుర్తుపెట్టుకోండి. సగం ధరకు టికెట్ వచ్చే హాఫ్ ఫేర్ కార్డు ఎవరికుంది, ఏ పిల్లలకు అమ్మానాన్నలతో ఉచితంగా తిరిగే జూనియర్ కార్డు లేదు అని రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లు చేసి టికెట్లు తీసిన కోశాధికారి గారికి, బీపీ మెషిన్, మందుల సంచి మోసుకుని ప్రతిసారీ వచ్చిన మన ఇద్దరు డాక్టర్ అమ్మాయిలకు, పులిహోర, దద్దోజనం వండి తెచ్చిన బాసెల్ కుటుంబాలకు, ఫొటోలు తీసి అదే రాత్రి అందరికీ పంపిన బెర్న్ కుర్రాళ్ళకు కృతజ్ఞతలు. చుట్టాలను ఇంట్లో పెట్టుకుని కూడా నడకకు వచ్చిన వాళ్ళను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఈ ఏడు లౌటర్‌బ్రునెన్ లోయనూ దాని చుట్టుపక్కల కొండలనే ఎక్కువగా నమ్ముకున్నాం. జూరిక్ నుంచైనా బాసెల్ నుంచైనా పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి చేరుకోవచ్చు. పసిపిల్లలకూ పెద్దవాళ్ళకూ గట్టిగా నడిచేవాళ్ళకూ సరిపడే దారులు ఒక్కచోటే దొరుకుతాయి. లోయ అడుగు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, రెండు పక్కలా గోడ కట్టినట్టు రాతి కొండ. ఆ గోడ మీది నుంచి ష్టౌబ్‌బాఖ్ జలపాతం దాదాపు 300 మీటర్లు పడుతుంది. కింది నుంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. మన నడకలన్నీ పైన, కొండల మీద.

జూన్ మొదట్లో సీజన్ తెరిచిన నడక గ్రూట్ష్‌ఆల్ప్ నుంచి మ్యూరెన్ దాకా. కేబుల్ కార్‌లో 1486 మీటర్లకు ఎక్కి, అక్కణ్ణుంచి దాదాపు చదునుగా ఉండే దారిలో వింటరెగ్ మీదుగా 1638 మీటర్ల ఎత్తులోని మ్యూరెన్ ఊరికి చేరతాం. లోయకు అవతల ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు మూడూ వరసగా కనిపిస్తూనే ఉంటాయి. పిల్లలకు వింటరెగ్ దగ్గరి ఆటస్థలం బాగా నచ్చింది. పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు, అంతా సవ్యంగా జరిగింది.

అమ్మానాన్నల నడక

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఎండాకాలం రాగానే మన ఇళ్ళలో సగానికి పైగా అమ్మానాన్నలో అత్తమామలో ఊరి నుంచి వచ్చి ఉంటారు. మనం ఆఫీసులకు వెళ్తే వాళ్ళు బాల్కనీలో కూర్చుని ట్రామ్‌లు చూస్తుంటారు. శనివారం వస్తే సెలవు పెట్టి మరీ యుంగ్‌ఫ్రౌయోక్‌కి తీసుకెళ్తాం. 3454 మీటర్ల దగ్గర రైలు దిగి, చలికి వణికి, ఫొటో దిగి, తల నొప్పితో తిరిగొస్తారు. కొండ మీద నాలుగడుగులు వేసిన తృప్తి వాళ్ళకు మిగలదు. పోయిన ఏటి సమావేశంలో వాళ్ళను కొండ మీద నడిపిద్దామన్న మాట వచ్చినప్పుడు కొందరు భయపడ్డారు. మోకాళ్ళ నొప్పులు, షుగరు, బీపీ, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదన్నారు. భయం సబబే. అందుకే దారిని చాలా జాగ్రత్తగా ఎంచుకున్నాం.

మెన్‌లిషెన్ నుంచి క్లైనె షైడెగ్ దాకా సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. వెంగెన్ ఊరి నుంచి కేబుల్ కార్ 1274 మీటర్ల నుంచి 2225 మీటర్లకు కొద్ది నిమిషాల్లో చేరుస్తుంది. మెన్‌లిషెన్ స్టేషన్ మన తిరుమల కొండకు రెండు రెట్లకు పైగా ఎత్తు. కానీ అక్కణ్ణుంచి వెడల్పాటి కంకర దారి, మెల్లగా దిగుడే తప్ప ఎక్కుడు లేదు. ఆఖరున 2061 మీటర్ల దగ్గర రైలు స్టేషన్ ఉంది కాబట్టి ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అక్కడ బండెక్కించవచ్చు. అంత ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో నాలుగింట మూడు వంతులకు కాస్త పైన మాత్రమే. అందుకని పైకి చేరగానే నడక మొదలుపెట్టలేదు. ముందు అందరినీ కూర్చోబెట్టి, వేడి టీ ఇచ్చి, డాక్టర్లు ఒక్కొక్కరి నాడి చూశాకే కదిలాం. ఇద్దరికి బీపీ ఎక్కువగా ఉంటే, వాళ్ళను మాత్రం అక్కడే కాసేపు కూర్చోబెట్టి అదే కేబుల్ కార్‌లో దింపాం. వాళ్ళ పిల్లలు నొచ్చుకున్నా డాక్టర్ల మాటకు కార్యవర్గం కట్టుబడింది, ఇకముందూ కట్టుబడుతుంది.

దారి చూపే పసుపు బోర్డు మీద ఈ దారికి గంటన్నర కూడా వేయలేదు. మేం మూడు గంటలు పెట్టుకున్నాం. నెల్లూరు నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు బోర్డు చదివి, గడియారం చూసుకుని, చేతికర్ర ఊపుతూ ముందు నడిచారు. చీర మీద స్వెట్టరు, తలకు మఫ్లరు, కాళ్ళకు కోడలి స్పోర్ట్స్ షూ వేసుకున్న అమ్మలు ఆయన వెనకాల. ఎదురుగా ఐగర్ ఉత్తర ముఖం దారి పొడవునా దగ్గరవుతూ వచ్చింది. 1938లో మొదటిసారి నలుగురు ఆ రాతిగోడ ఎక్కారని ఒక పిల్లాడు చెబితే, మాస్టారు ఆగి, ఎటు నుంచి ఎక్కి ఉంటారో వేలితో గీసి చూపించమన్నారు.

దారిలో బెంచీల దగ్గర డబ్బాలు విప్పాం. గోదావరి జిల్లా నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దావిడ తను తినబోయే ముందు ఒక పులిహోర ముద్ద తీసి రాయి మీద పెట్టారు. ఇంటి దగ్గర కాకికి పెట్టే అలవాటు. నల్లటి రెక్కలు, పసుపుపచ్చ ముక్కు ఉన్న కొండకాకి ఒకటి రెండడుగుల దూరంలో వాలింది. ఇక్కడ పక్షులకూ జంతువులకూ తిండి పెట్టకూడదని మా వాలంటీరు మెల్లగా చెప్పాడు. ఆవిడ ముద్దను తీసి డబ్బా మూతలో పెట్టుకుని, ఆ కాకి ఎగిరిపోయేదాకా చూసి, అప్పుడు తిన్నారు. బీపీ వల్ల కిందికి దింపిన ఆ ఇద్దరు తప్ప, వచ్చిన వాళ్ళంతా క్లైనె షైడెగ్ చేరారు. ఊరెళ్ళాక కూడా ఆ పెద్దవాళ్ళు ఫోన్ చేసి వచ్చే ఏడు మళ్ళీ ఎప్పుడు పెడతారని అడుగుతున్నారు. ఈ నడకను ప్రతి ఏటా తప్పనిసరి కార్యక్రమం చేయాలని కార్యవర్గం తీర్మానం ప్రవేశపెడుతుంది.

మిగతా నడకలు

ఆగస్టులో ఐగర్ ట్రెయిల్. ఐగర్‌గ్లెట్షర్ స్టేషన్ దగ్గర 2320 మీటర్ల నుంచి ఆల్పిగ్లెన్ దగ్గర 1616 మీటర్లకు, ఉత్తర ముఖం పాదాల వెంట దిగే దారి. పొడవు ఆరు కిలోమీటర్లే కానీ ఏడు వందల మీటర్ల దిగుడు మోకాళ్ళను పరీక్షిస్తుంది. పైనుంచి రాళ్ళు జారే చోట్లు ఉన్నాయి కాబట్టి అక్కడ ఆగకుండా నడవాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పక తప్పదు. ప్రతి నడకకూ వరసలో చివర ఒక వాలంటీరు ఉండాలని నియమం పెట్టుకున్నది మనమే. ఈ నడకకు చివరి మనిషిగా ఉంటామని నలుగురు పేర్లిచ్చారు. స్టేషన్‌కు వచ్చింది ఒక్కరు. మిగతా ముగ్గురిలో ఒకరు పొద్దున ఆరింటికి మెసేజ్ పెట్టారు, ఇద్దరు అదీ పెట్టలేదు. వచ్చిన ఆ ఒక్కరూ వెనకబడిన రెండు కుటుంబాలతో ఆగిపోతే, ముందు బృందం ఆల్పిగ్లెన్ చేరి రైలు కోసం నిలబడింది. వెనక ఎవరున్నారో, ఎలా ఉన్నారో తెలియక అందరూ టెన్షన్ పడ్డారు. ఏమీ కాలేదు, నిజమే. కానీ కొండ మీద ఎవరికైనా కాలు మెలిపడితే 1414కి ఫోన్ చేసి హెలికాప్టర్ రప్పించేలోగా పక్కన మనిషి ఉండాలి కదా. రాలేకపోతే ముందు రోజే చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు. చెప్పకుండా మానేయడం మాత్రం తోటి సభ్యుల పిల్లలను గాలికి వదిలేయడమే.

సెప్టెంబరులో గట్టిగా నడిచేవాళ్ళ కోసం షీనిగె ప్లాట్టె నుంచి ఫిర్స్ట్ దాకా. 1893లో వేసిన పళ్ళ పట్టాల రైలు 1967 మీటర్లకు తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి శిఖరపు గట్టు వెంట నడిచి, 2681 మీటర్ల ఫౌల్‌హార్న్ ఎక్కి, బాఖ్‌ఆల్ప్‌జే సరస్సు ఒడ్డున కాస్త కూర్చుని, ఫిర్స్ట్‌లో గండోలా అందుకోవాలి. 16 కిలోమీటర్లు, ఆగకుండా నడిస్తే ఆరు గంటలు. ఒక పక్క లోతులో బ్రియెన్జ్ సరస్సు, ఇంకో పక్క మంచుకొండలు. ఇంతటి నడక ఆల్ప్స్‌లో చాలా తక్కువ చోట్ల ఉంటుందని నా నమ్మకం. నీళ్ళు దారిలో అన్నిచోట్లా దొరకవు, మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి అని ముందే రాశాం. అందరూ పాటించారు, సంతోషం.

ఈ ఏడు వెళ్లాలనుకుని మానుకున్న చోటు లోట్షెన్‌టాల్. లౌఖెర్న్‌ఆల్ప్ నుంచి ఫాఫ్లెర్‌ఆల్ప్ దాకా బ్లాటెన్ ఊరి పైన కొండవాలు వెంట సాగే దారి మన జాబితాలో ఎప్పటినుంచో ఉంది. మే 28న బిర్చ్ హిమానీనదం కూలి, మంచు, రాళ్ళు, మట్టి కలిసి ఆ ఊరిని దాదాపుగా కప్పేశాయి. పైన కొండ కదులుతోందని కనిపెట్టి, దాదాపు 300 మందిని తొమ్మిది రోజుల ముందే ఖాళీ చేయించడం వల్ల అంతమంది ప్రాణాలు దక్కాయి. అయినా ఒకరు పోయారు, ఇళ్ళు పోయాయి, లోంజా నదికి అడ్డుకట్ట పడి మిగిలిన ఇళ్ళూ మునిగాయి. మనం నడిచే కొండలు ఎప్పటికీ అలాగే ఉంటాయని అనుకోవడానికి వీల్లేదు. కింద చల్లగా గడ్డకట్టి రాళ్ళను పట్టి ఉంచిన మంచు వేడికి కరుగుతోంది. సభ్యులు బాధితుల కోసం సేకరించిన మొత్తాన్ని జాతీయ సహాయ నిధికి పంపాం. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కారం. అక్కడికి వెళ్ళడం సంగతి అక్కడి వాళ్ళు రమ్మన్నాక చూద్దాం.

చలికాలంలో దారి గుర్తుల క్లాసు పెట్టాం. పసుపు బోర్డు మామూలు నడక, తెలుపు-ఎరుపు-తెలుపు గీతలు కొండదారి, తెలుపు-నీలం-తెలుపు అయితే తాళ్ళు పట్టుకుని ఎక్కాల్సిన చోట్లు కూడా ఉండగల దారి, మనం వెళ్ళకూడనిది. ఈ దేశంలో నడకదారుల పొడవు 65,000 కిలోమీటర్లు. 1979లో ప్రజలు ఓటేసి నడకదారుల సంరక్షణను రాజ్యాంగంలో పెట్టుకున్నారు. ఆ గుర్తులకు రంగు వేసేవాళ్ళలో చాలామంది జీతం తీసుకోని స్థానికులే. మనమూ ఏడాదికి ఒక రోజు వాళ్ళతో కలిసి పని చేద్దామని పిలిస్తే, వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. భోజనాల కార్యక్రమానికి వచ్చినంత మంది రాకపోయినా, అందులో సగమైనా రావద్దా?

లెక్కల విషయం క్లుప్తంగా. సభ్యత్వ రుసుము పెంచలేదు, ఖర్చులు పోను కొంత మిగిలింది, లెక్కలు తనిఖీ చేసే ఇద్దరు రెవిజోర్లు పత్రాలు చూసి సంతకం చేశారు. పూర్తి పట్టీ విడిగా పంపాం, ప్రశ్నలుంటే సమావేశంలో కోశాధికారి గారిని అడగండి.

ఇంకో బాధ కూడా నమోదు చేయాలి. అమ్మానాన్నల నడకకు గ్రూప్ టికెట్ల కోసం ఒక కౌంటరుకు పదేపదే రాసినా నడక ముందు రోజు సాయంత్రం దాకా జవాబు లేదు. చివరికి పిల్లలే సొంత కార్డులతో కొనుక్కున్నారు. ఆ కార్యక్రమానికి అతిథిగా వస్తానని మాటిచ్చిన ఒక అధికారి రాలేదు, తర్వాత ఫోనూ ఎత్తలేదు. ఆయన కోసం కట్టిన శాలువా హెడ్‌మాస్టరు గారికి కప్పాం.

కొత్త కార్యవర్గం ఎన్నిక ఈ సమావేశంలోనే. సహ కార్యదర్శి, దారి పరిశీలన బాధ్యుడు, రెండు స్థానాలు ఖాళీగా ఉన్నాయి. దారి పరిశీలనకు వచ్చేవాళ్ళ ప్రయాణ ఖర్చులో సగం బృందం భరించాలన్న ప్రతిపాదన కూడా ఎజెండాలో ఉంది. 2026 నడకలకు చివరి మనిషిగా ఉండగలిగిన వాళ్ళు, నిజంగా రాగలిగితేనే, ద్వారం దగ్గర ఉంచిన కాగితంలో పేరు, ఫోన్ నంబరు, ఏ నెల వీలవుతుందో రాయండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి