నవంబరు వార్తాలేఖ: తోటలో దొరికిన డబ్బా, లైబ్రరీ పీరియడు

తల్లిదండ్రులకు నమస్కారం.

అందరూ మాట్లాడుకుంటున్న విషయమే ముందు చెప్పేస్తాను. బడి వెనక కొబ్బరితోటలో, కాలవ గట్టు పక్కన, పోయిన వారం ఒక రేకు డబ్బా దొరికిన మాట నిజం. కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చిన మనిషి కాలికి అది తగిలింది. మూత తీసి చూస్తే లోపల ఎర్ర గుడ్డ, ఆకుపచ్చ మట్టిబొమ్మ, ఏడు నీలం కాగితం ముక్కలు, ఒక నిమ్మకాయ ఉన్నాయి. ఆయన డబ్బా అక్కడే పడేసి పరుగెత్తాడు. మధ్యాహ్నానికి "బడి దగ్గర చేతబడి" అని ఊళ్ళో పాకింది. సాయంత్రానికి తరగతి వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది. రాత్రి భోజనాల వేళకి నిమ్మకాయకు మేకులు కూడా వచ్చాయి. (మేకులు లేవండి. ఆ నిమ్మకాయ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, అనుమానం ఉన్నవారు వచ్చి చూడవచ్చు.)

డబ్బా పాతిపెట్టింది అయిదో తరగతి పిల్లలు. లైబ్రరీ పీరియడులో తెలుగు మాస్టారు వాళ్ళకు బాలనాగమ్మ కథ చెబుతున్నారు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందని నేను మీకు వేరే చెప్పక్కర్లేదు, మీలో చాలామంది తీర్థాల్లో బుర్రకథ విని పెరిగినవారే. పిల్లలు బంకమట్టితో చిలకను చేశారు. ఏడు సముద్రాలకు ఏడు కాగితాలు చుట్టారు. ఎర్ర గుడ్డ కోటగోడట. ఆరో తరగతి వాళ్ళు బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజులా వచ్చి ఆ చిలకను వెతుక్కోవాలని ఒక పటం కూడా గీసిచ్చారు. మరి నిమ్మకాయ ఎందుకురా అని అడిగితే ఒకడు చేతులు కట్టుకుని, "చిలకకి దాహం వేస్తుంది కదండీ" అన్నాడు. ఆ సమయంలో మొహం సీరియస్‌గా పెట్టుకోవడం ఎంత కష్టమో మీరు ఊహించుకోండి.

చెప్పకుండా వెనక గేటు దాటడం తప్పు. కాలవ పక్కకు వెళ్ళడం ఇంకా పెద్ద తప్పు. పిల్లల్ని గట్టిగానే మందలించాం, తోట యజమాని గారి దగ్గరికి తీసుకెళ్ళి క్షమాపణ చెప్పించాం. ఆయన బొండాలు కొట్టించి తాగించి పంపారు. గేటుకు తాళం పడింది. డబ్బా సంగతి అంతటితో సరి.

ఆ గొడవలో మీలో కొందరు నన్ను అడిగినవి మాత్రం అంతటితో సరి కావు. "ఈ అబద్ధాల కథలకా మేం ఫీజులు కట్టేది" అన్నారొకరు. లైబ్రరీ పీరియడు తీసేసి ఐఐటీ ఫౌండేషన్ పెట్టమన్నారు ఇంకొందరు. చదువుకున్నవారే ఒకరు, బడి మూఢనమ్మకాలు నేర్పుతోందని రాశారు. నాలుగో తరగతి పిల్లవాడి అమ్మగారు మాత్రం, వాడు రాత్రిళ్ళు భయపడి పెరట్లోకి వెళ్ళట్లేదని ఫోన్ చేసి మర్యాదగా చెప్పారు. అందరికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను.

దానికంటే ముందు మామూలు విషయాలు. ఫార్మేటివ్ పరీక్షల మార్కులు వచ్చే వారం డైరీలో అంటిస్తాం, సంతకం పెట్టి పంపండి. బస్సు ఫీజు బాకీ ఉన్నవారు ఆఫీసులో కనబడండి. తుఫాను సెలవులు కలెక్టరు గారి ఉత్తర్వు వస్తేనే, వాట్సాప్ ఫార్వర్డు చూసి కాదు.

ముందు భయం సంగతి. ఆ బాబుతో నేనే మాట్లాడాను. ఫకీరు అందరినీ రాళ్ళు చేసిన చోట బెల్లు మోగిందట. వాడు కథ అంతవరకే విని ఇంటికెళ్ళాడు. మర్నాడు మాస్టారు మిగతా కథ చెప్పారు. చిలక చిక్కింది, ఫకీరు చచ్చాడు, రాళ్ళన్నీ మళ్ళీ మనుషులయ్యాయి. వాడికి కావలసింది అదే. ఇప్పటికీ పెరట్లోకి తాతయ్య తోడు లేకుండా వెళ్ళట్లేదట, కానీ అక్కడ లైటు లేదని వాడే చెప్పాడు కాబట్టి దాన్ని కథల ఖాతాలో వేయలేను. ఇంకో మాట. అన్నం తింటూ పిల్లలు టీవీలో చూసే నేరాల వార్తల్లో, ఎవరు ఎవర్ని ఎలా చంపారో బొమ్మలు వేసి మరీ చూపిస్తారు. అక్కడ బాలవర్ధిరాజు రాడు. వాటి గురించి నాకు ఒక్క ఫోనూ రాలేదు.

ఇక అబద్ధాల కథలన్న మాట. మాయాకథ అంటే నోటికొచ్చింది అల్లేయడమని చాలామంది అనుకుంటారు. అంత కట్టుదిట్టమైన సరుకు ఇంకోటి లేదండి. ప్రతి వరానికీ ఒక షరతు ఉంటుంది, ప్రతి శాపానికీ ఒక విడుపు ఉంటుంది, ఆ షరతులో ఎక్కడో ఒక సందు ఉంటుంది. అది పట్టుకున్నవాడే గెలుస్తాడు. మనందరం భీష్మ ఏకాదశికి పిల్లల్ని భుజాన వేసుకుని అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథానికి వెళ్ళేవాళ్ళమే. అక్కడ స్వామి చంపిన రాక్షసుడు రక్తవిలోచనుడి వరం ఏమిటి? వాడి రక్తం నేల మీద పడితే తడిసిన ఇసుక రేణువులెన్నో అంతమంది రాక్షసులు పుడతారు. (స్థలపురాణాన్ని కట్టుకథ అంటున్నానని దయచేసి ఎవరూ గ్రూపులో పెట్టకండి. నేనూ ఏటా వెళ్ళి దణ్ణం పెట్టుకునే మనిషినే.) ఈ వరం చెప్పి, స్వామి పక్కన మీరు ఉంటే ఏం సలహా ఇస్తారని అయిదో తరగతిని అడిగాను. రక్తం రాకుండా గొంతు నొక్కాలంది ఒకమ్మాయి. సముద్రంలోకి లాక్కెళ్ళి కొట్టాలి, వరంలో ఇసుక అని ఉంది గాని నీళ్ళని లేదు కదా అన్నాడు ఒకడు. వెనక బెంచీ నుంచి ఇంకొకడు "టార్పాలిన్ పరవాలండి" అన్నాడు. కోతల రోజులు, ఇంటి ముందు ధాన్యం రాశి, ఆకాశంలో మబ్బు, వాడికి అదే తోస్తుంది మరి! స్వామి సృష్టించిన శక్తి ఆ రక్తాన్ని నేల తాకకుండా పట్టిందని, ఆమే మనం గుర్రాలక్క అని మొక్కే అశ్వరూఢాంబిక అని అప్పుడు చెప్పాను. టార్పాలిన్ వాడు గర్వంగా చుట్టూ చూశాడు.

మా లెక్కల టీచరు గారు ఆ రోజు తరగతిలోనే ఉన్నారు. పిల్లలకు కూడికలూ హెచ్చవేతలూ వస్తాయని, లెక్కను మాటల్లో ఇస్తేనే తడబడతారని, మొదటి వాక్యంలోని షరతు చివరి వాక్యం దాకా గుర్తుండదని ఆవిడ ఎప్పుడూ బాధపడుతుంటారు. ఎగిరే గుర్రం నేల తాకితే రాయవుతుందని మొదటి పేజీలో చదివి, ఆ భయాన్ని ఇరవయ్యో పేజీ దాకా మోసుకెళ్ళే పిల్లకు ఆ బాధ ఉండదు. ఫౌండేషన్ అడుగుతున్నవారికి నా జవాబు ఇదే. లైబ్రరీ పీరియడు ఉంటుంది. నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం వారానికి రెండూ ఉంటాయి.

మూఢనమ్మకాలన్నవారికి ఒక్క పేరు చెబుతాను, కొడవటిగంటి కుటుంబరావు. తెలుగులో ఆయనకంటే గట్టి హేతువాదిని చూపించడం కష్టం. ఆయనే 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను నడిపించారు. భేతాళుడు, మాంత్రికులు, మరుగుజ్జులు, మాట్లాడే పక్షులు, అన్నీ ఆయన చేతి మీదుగానే మనకు అందాయి. అవి చదివి పెరిగిన తరమే కదా ఇంజినీర్లూ డాక్టర్లూ అయింది. పిల్లలకు నిజానికీ కథకూ తేడా తెలుసు. మట్టి చిలకను చేసిన వాళ్ళలో ఒక్కరు కూడా దానికి ప్రాణముందని అనుకోలేదు. ఆ డబ్బాను చూసి భయపడింది పెద్దవాళ్ళమే.

అసలు మన గోదావరి ప్రాంతానికి ఇదేమైనా కొత్తా? రాజమండ్రి మధిర సుబ్బన్న దీక్షితులు గారు 12 భాగాలుగా రాసిన కాశీమజిలీ కథల్లో, యతితో కాశీకి వెళ్ళడానికి పశువుల కాపరి కుర్రవాడు పెట్టిన షరతేమిటి? మజిలీ మజిలీకీ తాను చూసిన వింత గురించి కథ చెబితేనే వస్తానన్నాడు. కూలీ అడగలేదు, బట్టలు అడగలేదు. ఆంధ్రదేశంలో గ్రంథాలయ ఉద్యమానికి పితామహుడనిపించుకున్న అయ్యంకి వెంకట రమణయ్య గారు పుట్టింది మన కొంకుదురులో, 1890లో. 1935లో పాతూరి నాగభూషణం గారు పక్కనే కృష్ణా డెల్టాలో పడవ మీద గ్రంథాలయం పెట్టి కాలవ ప్రయాణికులకు పుస్తకాలు ఇచ్చారు. ప్రయాణం పొడుగునా చదువుకుంటూ వెళ్ళేవారట. ఇప్పుడు మన బస్సులో పిల్లలు ఏం చూస్తూ వస్తారో డ్రైవరు గారిని అడిగితే చెబుతారు.

పిల్లల గురించి కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి. ఏడో తరగతిలో ఒకమ్మాయి ఉంది, వాళ్ళమ్మ కువైట్‌లో పనిచేస్తోంది. ఆ అమ్మాయి రాసిన కథలో ఒక చేప ఉత్తరం మోసుకుని గోదావరి పాయ వశిష్ఠ మీదుగా సముద్రంలోకి వెళ్తుంది. ఉప్పునీళ్ళలో ఉన్నన్నాళ్ళూ దానికి తన ఊరు గుర్తుండదు. వరద వచ్చి ఎర్రనీళ్ళు సముద్రంలో కలిసినప్పుడు ఆ వాసన పట్టుకుని ఎదురీదుతుంది. ధవళేశ్వరం దాకా ఎదురీది, ఆనకట్ట దగ్గర ఆగిపోయి, పక్కన వల వేస్తున్న ముసలాయనతో బేరం పెడుతుంది. "నన్ను పట్టుకుంటే మీకు వేల రూపాయలు వస్తాయి, వదిలేస్తే జవాబు చేరుతుంది" అని. ముసలాయన ఏం చేశాడో ఆ అమ్మాయి రాయలేదు. ఎందుకమ్మా అంటే, "ఇంకా ఆలోచిస్తున్నాడు టీచర్" అంది. ముప్ఫయి ఏళ్ళుగా కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతున్నాను, అలాంటి ముగింపు నాకు తగల్లేదు. కథ నోటీసు బోర్డు మీద ఉంది, దయచేసి చదవండి. ఫొటో తీసి వాళ్ళమ్మగారికి పంపాం.

ఆరో తరగతిలో ఇంకో అబ్బాయి. వాళ్ళ నాన్న రొయ్యల చెరువుల మీద కాపలా. జూన్‌లో చేరినప్పుడు అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. వాడికి ఎగిరే మంచాల కథ ఒకటి దొరికింది, అంతే. ఇప్పుడు రాత్రిపూట చెరువు గట్టున, ఏరేటర్ల మోతలో, షెడ్డు బల్బు కింద వాళ్ళ నాన్నకు చదివి వినిపిస్తున్నాడు. కాపలా ఉన్నవాడికి నిద్ర రాకుండా బాగుంటోందని ఆయనే వచ్చి చెప్పి, "రెండో భాగం ఉందా అండీ" అని అడిగాడు. ఇంకా ఎనిమిదో తరగతి వాళ్ళ గురించీ, గోడ మీద రెక్కల ఏనుగును వేసిన మూడో తరగతి పాప గురించీ రాయాలని ఉంది. రెండు పేజీలు దాటకూడదని మా క్లర్కు గారు గుర్తు చేస్తున్నారు.

కాబట్టి ఇంటి సంగతులు, క్లుప్తంగా. మీరందరూ పిల్లల కోసం ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుసు. తెలుసు గనకే చెబుతున్నాను. అన్నం ముద్ద దిగాలంటే ఫోన్ చేతిలో పెట్టాల్సిందే అని నాతో ఇంతమంది చెప్పారు, ఆ ముద్దతో పాటు ఒక కథ చెప్పి చూశామని ఒక్కరూ చెప్పలేదు. "మా వాడికి తెలుగు చదవడం రాదండీ" అని కొందరు నవ్వుతూ చెబుతారు. అది నవ్వే విషయమని నాకు అనిపించదు. ప్రాజెక్టు వర్కుల్లో మీ చేతిరాతలు మేం ఇట్టే గుర్తుపడతాం, కొందరివి చాలా బాగున్నాయి కూడా, అయినా మార్కులు పిల్లలకే వేయాలి కదా. కథల పుస్తకం తీసుకెళ్తే "పాఠాలు చదవకుండా ఇవేంటి" అని లాక్కుని బీరువా మీద పెట్టారని ఇద్దరు పిల్లలు చెప్పారు. ఆ పుస్తకాలు బడివి. బీరువా మీద నుంచి దింపి, చదవనిచ్చి, అప్పుడు పంపండి.

నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. 14న బాలల దినోత్సవం కూడా కాబట్టి రంగు బట్టల్లో రావచ్చు. ఆ వారం రోజూ ఆఖరి పీరియడులో ఊళ్ళోని అమ్మమ్మలూ నానమ్మలూ తాతయ్యలూ వచ్చి కథలు చెబుతారు. చదువు రాకపోయినా పర్వాలేదు, రాక్షసులున్న కథలైతే మరీ మంచిది, ఒక్కటే షరతు: బెల్లు కొట్టేలోగా కథ పూర్తి కావాలి. పేర్లు ఆఫీసులో రాయించండి. ఆ వారంలోనే ఒకరోజు ఆరు, ఏడు తరగతులను మండలంలోని శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్ళి సభ్యులుగా చేర్పిస్తాం. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతూనే ఉంది, మీ పిల్లలు కాకపోతే ఇంకెవరు వాడుకుంటారు? వీలైతే మీరూ రండి.

బయట ఉన్న లైబ్రరీ పుస్తకాల జాబితా గేటు దగ్గర అంటించాం. కొబ్బరినూనె మరకలున్నా, అట్ట ఊడినా ఏమీ అనం. శనివారంలోగా పంపండి, వరసలో పిల్లలు ఉన్నారు.

నమస్కారాలతో,
ప్రధానోపాధ్యాయురాలు