గట్టెక్కినాక మోసేది నువ్వే

కర్నూలు
ఆదివారం

చి.ల.సౌ. సుజాతకు,

మీ నాయన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. తుంగభద్ర నిండుగా పారుతా ఉంది, సాయంత్రం పూట గట్టు మీద జనం బాగానే ఉంటున్నారు.

అక్కడ అమెరికాలో అడవి చెరువుల్లో తిరగడానికి ఒకటి కొనాలని నువ్వు పంపిన రెండు తెడ్డు పడవల ఫోటోలు షెడ్డులో కూర్చుని పెద్దవి చేసి చూసినా. ఒకటి అల్యూమినియంది, పదిహేడడుగులు, 34 కిలోలు, చవక. ఇంకోటి కెవ్లార్ అనే గట్టి నారతో చేసింది, ఇంచుమించు అంతే పొడవు, 19 కిలోలు. అద్దెకు తిప్పిన పాతదే అయినా ధర మూడింతలు. అల్లుడు అల్యూమినియంది చాలంటున్నాడు, నీకేమో కెవ్లార్ మీద మనసుంది. అంత డబ్బు దండగేమో చెప్పు నాయనా అని అడిగినావు.

దండగ కాదు తల్లీ. కెవ్లార్‌దే కొను. ఎందుకనేది ఫోన్లో చెప్తే సగంలో మాట తెగిపోతుంది, అందుకని రాస్తున్నా.

నేను ఫైబర్ పని మొదలుపెట్టిన కొత్తలో నీళ్ళ ట్యాంకులు, బాత్రూం తలుపులు చేసేవాణ్ణి. అప్పట్లో సంగమేశ్వరం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు, బెస్తాయన. శ్రీశైలం వెనుక జలాల్లో చేపలు పట్టుకుని బతికే మనిషి. వెదురు పుట్టికి, అదే ఆ గుండ్రటి పడవకు, ఏటా తారు పూసీ పూసీ విసిగిపోయి, ఫైబర్ పుట్టి చేసిమ్మని అడిగినాడు. రాళ్ళకు తగిలినా చెక్కుచెదరకూడదని నేను కావాల్సినదానికంటే రెండు పొరలు గాజు నార మ్యాట్ ఎక్కువ వేసినా. దాన్ని గట్టిపరిచే బంక, రెజిన్ కూడా ధారాళంగా పోసినా. తూకమేస్తే 46 కిలోలు వచ్చింది. ఆయన దాన్ని బోర్లించి తల మీదికెత్తుకుని షెడ్డు వాకిలి దాకా నడిచినాడు. దించి, తువ్వాలతో మెడ తుడుచుకుని, "సారూ, నీళ్ళలో ఉన్నంతసేపు దీన్ని ఏరు మోస్తాది. గట్టెక్కినాక మోసేది నేనే గదా" అన్నాడు. గట్టిగా ఉంటుంది, తీసుకుపో పెద్దాయనా అని నేనే ఒప్పించి పంపినా.

ఆ నీళ్ళ సంగతి నీకు తెలుసు. ఎండలు ముదిరేకొద్దీ మట్టం దిగిపోతుంది, సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది, మొన్న నీళ్ళున్న చోట ఈరోజు బురద. ఊరికీ నీళ్ళ అంచుకూ మధ్య దూరం దినదినం పెరుగుతుంది. అంత దూరమూ పుట్టిని మోయాల్సిందే. ఆ ఎండాకాలంలో ఆయన పుట్టి తల మీద ఉండగానే బురదలో కాలు జారి పడినాడు. భుజం ఎముక విరిగింది. ఆ ఏడు వేట లేదు. నేను చూడ్డానికి పోతే ఒక్క మాట అనలేదు, వాళ్ళావిడ కాఫీ కూడా ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నందికొట్కూరు దాకా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత ఆయనకు ఇంకోటి చేసిచ్చినా, డబ్బు తీసుకోలేదు. ఈసారి మందం తగ్గించి, అడుగున గట్టి ఫోమ్ పట్టీలు పరిచి వాటి మీద మ్యాట్ వేసినా. థర్మోకోల్ పెడితే రెజిన్ దాన్ని కరగదీస్తుంది, అందుకే ఆ ఫోమ్ కోసం హైదరాబాదు పోవాల్సి వచ్చింది. పుట్టి 29 కిలోలకు దిగింది, బలం మాత్రం తగ్గలేదు. రెజిన్ ఎక్కువ పోస్తే బరువు పెరుగుతుంది గానీ బలం అంత పెరగదు. పడవకు బిగువు దాని ఒంపులోనూ పక్కటెముకల్లోనూ ఉంది. నువ్వు పంపిన కెవ్లార్ పడవ లోపలి ఫోటోలో అడుగున ఉబ్బెత్తుగా కనిపించే పట్టీలు అవే. వాటిని చూడగానే ఆ పడవ చేసినవాళ్ళకు పని తెలుసని అర్థమైంది.

కెవ్లార్‌ను 1965లో అమెరికాలోనే డూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే ఆవిడ కనిపెట్టింది. తూటాలు ఆపే చొక్కాలు దాంతో కూడా చేస్తారు. నేను వాడే గాజు నారతో పోలిస్తే, అదే పరిమాణానికి బరువు సగం కంటే కొంచెమే ఎక్కువ, లాగితే అంత సులభంగా తెగదు. దానికి రెండు శత్రువులు. ఒకటి ఎండ. ఏళ్ళ తరబడి ఎండలో పడుంటే రంగు ముదిరి నార బలం తగ్గుతుంది. రెండోది రాపిడి. పైపూత అరిగి నార బయటపడితే దూది లేచినట్టు పోగులు లేస్తాయి. గాజు ఫైబర్ అనుకుని ఎమరీ పేపరు పెట్టి రుద్దినావంటే ఇంకా లేస్తాయి. అట్లాంటి చోట రుద్దకుండా శుభ్రం చేసి రెజిన్ పట్టించాల.

మీరు పోయే బౌండరీ వాటర్స్, ఆ మిన్నెసోటా అడవి గురించి చదివినా. వెయ్యికి పైగా చెరువులు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య అడవిలో కాలిబాట. ఆ బాటల దూరం రాడ్లలో చెప్తారంట, ఒక రాడ్ 16.5 అడుగులు, అంటే దాదాపు ఒక పడవ పొడవు. 100 రాడ్లంటే అర కిలోమీటరు. రాళ్ళు, చెట్ల వేర్లు, వాన పడితే జారుడు. అట్లాంటి దారిలో పడవను బోర్లించి, మధ్యలో ఉండే కాడిని భుజాల మీద పెట్టుకుని నడవాల, అదీ రోజుకు నాలుగైదు సార్లు. ఆ పెద్దాయన బురద నాకు గుర్తుకు రాక ఏం చేస్తుంది? నువ్వు 50 కిలోలుంటావో లేదో. రెండు పడవలకూ తేడా 15 కిలోలు. మన వంటింటి సిలిండర్‌లో పట్టే గ్యాసు 14.2 కిలోలు. అంత బరువు నీ మెడ మీద నుంచి దిగిపోతుంది. అల్లుడు మోస్తాడులే అనుకోవద్దు. అడవిలో ఆయనకు కాలు మడతపడితే ఆ పడవను బయటికి తెచ్చేది నువ్వే. ఈ మాట ఆయనకు కూడా చదివి వినిపించు.

ఆ నేల మీద ముందు నుంచీ ఉన్న ఓజిబ్వే వాళ్ళు బర్చ్ చెట్టు బెరడుతో పడవలు చేసేవాళ్ళంట. మన పాత పుస్తకాల్లో భూర్జపత్రం అంటారే, ఆ జాతి చెట్టే. బెరడును స్ప్రూస్ చెట్టు వేర్లతో కుట్టి, అతుకులకు బంక పట్టించేవాళ్ళు. ఇక్కడ బెస్తవాళ్ళు వెదురు బద్దలతో పుట్టి అల్లి, తోలు కప్పి, తర్వాత కాలంలో గోనెపట్టకు తారు పూసినారు. ఎక్కడో ఉన్న ఇద్దరూ మనిషి మోయగలిగే పడవే చేసుకున్నారు, నాకది ఎంత బాగా నచ్చిందో చెప్పలేను.

ఇంక కొనేటప్పుడు చూడాల్సినవి. అద్దెకు తిప్పినదంటే గీతలుంటాయి, వాటికి భయపడొద్దు. పడవను బోర్లించి ముందు కొన, వెనక కొన వేలితో తడిమి చూడు. ఒడ్డుకు ఈడ్చిన పడవకు అక్కడే నార బయటపడుతుంది. తర్వాత ఒక రూపాయి బిళ్ళ లాంటిది తీసుకుని అడుగంతా చిన్నగా కొడుతూ పో. గట్టిగా టకటకమంటే పొరలు పట్టుకుని ఉన్నట్టు. ఎక్కడైనా మొద్దుగా డొల్ల శబ్దం వస్తే అక్కడ పొర విడిపోయినట్టు, ముఖ్యంగా ఆ ఫోమ్ పట్టీల అంచుల దగ్గర. అట్లాంటిది ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. పడవను ఒకరిని ఎండకు ఎత్తి పట్టుకోమని, నువ్వు దాని కింద నుంచి లోపలివైపు చూడు. రంగు వేయని కెవ్లార్‌లోంచి వెలుతురు తేనె రంగులో కనిపిస్తుంది, ఎక్కడైనా తెల్లగా మరకలుంటే ఆ చోట దెబ్బ తగిలిందని అర్థం. కాడి, సీట్లు బిగించిన బోల్టులు ఊపి చూడు.

కొన్నాక ఒకటే నియమం. పడవ నేలకు తగలకముందే మోకాలు లోతులో దిగాల, నీళ్ళలోనే సామాను దించి, నీళ్ళలో నుంచే ఎత్తాల. ఈడ్చొద్దు. మన పుట్టివాళ్ళు కూడా అట్లాగే దిగుతారు, నువ్వు చిన్నప్పుడు సుంకేసుల దగ్గర చూసినావు. చలికాలం మంచు కింద వదలకుండా, నీడపట్టున బోర్లించి పెట్టు.

లైఫ్ జాకెట్ పడవలో పడేసుకోవడానికి కాదు, ఒంటి మీద వేసుకోవడానికి. 2009 అక్టోబరు వరదలో మేడ మీద నుంచి మనం చూసినాం గదా, ఈత వచ్చినవాళ్ళు కూడా తడి బట్టల్లో చేతులాడక ఎంత కష్టపడినారో. అవి మన వేడి నేల నీళ్ళు. అక్కడ మే నెలలో మంచు కరిగిన నీళ్ళు, పడితే నిమిషాల్లో వేళ్ళు కొంకర్లు పోతాయి. అందుకే మొదటి ఏడు వేసవిలోనే పోండి, గట్టు వెంబడే పోండి, గాలి లేస్తే ఆగండి.

ఆ అడవిలోకి రేకు డబ్బాలు, గాజు సీసాలు రానివ్వరని చెప్పినావు, అది విని అమ్మ ఊరగాయ సీసా పక్కన పెట్టేసింది. ఎండు జొన్నరొట్టెలు, బుడ్డల పొడి కవర్లలో కట్టి పంపుతుంది. తూకం తక్కువ, నెల దాకా చెడవు.

శనివారం చూడ్డానికి పోతున్నామన్నావు. బేరం మాట్లాడకముందే ఆ పడవను నువ్వు ఒక్కదానివే ఎత్తుకో, అల్లుణ్ణి చెయ్యి వేయనీయొద్దు. భుజాల మీద పెట్టుకుని వంద అడుగులు నడిచి, దించి, నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రి అయినా ఎత్తుతా.

మీ నాయన