నూరు దేనారాల పాఠం అచ్చు వేసుకోవచ్చా?

సంపాదకులకు నమస్కారం.

మాది ఉలవపాడు పక్కన ఒక పల్లె. ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అప్పటి నుంచి మా చర్చిలో శనివారం సాయంత్రం ఏడింటికి బైబిల్ తరగతి నడుపుతున్నాను. పద్నాలుగు మంది వస్తారు, అందులో తొమ్మిది మంది ఆడవాళ్లు. మిరపకోతలకు పోయేవాళ్లు, ఒక ఆటో డ్రైవరు, రొయ్యల చెరువు కాపలా కుర్రాడు, మా ఉపదేశి. పని మానుకుని మూడేళ్లు పాస్టర్లను తయారుచేసే సెమినరీలో ఉండి చదివే వీలు వీళ్లలో ఒక్కరికీ లేదు. కానీ పాస్టరు గారు వేరే ఊరు వెళ్లిన ఆదివారం వాక్యం చెప్పేది వీళ్లే. సండే స్కూలు వీళ్లదే, చావింట్లో ప్రార్థనా వీళ్లదే.

నాలుగేళ్ల కిందట ఒక సంస్థ వేసిన పాఠ్యపుస్తకంతో తరగతి మొదలుపెట్టాం. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసింది. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో క్షమించని దాసుడి ఉపమానం దగ్గరికొచ్చాం. రాజు పదివేల తలాంతుల బాకీ వదిలేసిన దాసుడు, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి వదలని కథ అది. పదివేల తలాంతుల విలువ, నూరు దేనారాల విలువ డాలర్లలో ఇచ్చారు. ఎవరికీ ఎక్కలేదు. నేను బోర్డు మీద రాశాను: ఒక దేనారం ఒక రోజు కూలి. బైబిల్లోనే ద్రాక్షతోట కూలీల కథలో ఉన్న లెక్కే. నూరు దేనారాలంటే నూరు రోజుల కూలి. వెనక కూర్చున్నామె వెంటనే "అంటే ఏడాది మొత్తానికీ మన ఉపాధి పని, టీచరమ్మా" అంది. తలాంతు ఒకటికి ఆరువేల దేనారాలు. ఆటో నడిపే అబ్బాయి ఫోన్లో కట్టి చూశాడు: పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమే మళ్లీ అడిగింది: "బుక్కులో నూరు దేనారాలు స్వల్పమైన సొమ్ము అన్నారే, అది స్వల్పం ఎట్టయిద్ది? నూరు రోజుల కూలంటే నా బిడ్డ ఫీజు. అంత బాకీ కూడా వదలమంటున్నాడా దేవుడు?" ఆ ఉపమానం మీద చిన్నప్పటి నుంచి ఎన్నో ప్రసంగాలు విన్నాను. క్షమించడానికి ఎంత ఖర్చవుతుందో ఆ మాటతోనే నాకు తెలిసింది.

ఆ పాఠాన్ని ఆ లెక్కతో, ఆమె ప్రశ్నతో తిరగరాసి చుట్టుపక్కల పల్లెలకు పంపాలనుకున్నాను. పుస్తకం రెండో పేజీలో, రాతపూర్వక అనుమతి లేనిదే ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ వాడరాదని ఉంది. ఉత్తరం రాశాను. నాలుగు నెలలకు జవాబొచ్చింది: మార్పులకు గానీ పునర్ముద్రణకు గానీ అనుమతి ఇవ్వలేము. అది వాళ్ల హక్కు, తప్పు పట్టను. కానీ ఆ పుస్తకం చర్చి సంఘాలు ఇచ్చిన కానుకలతోనే తయారైంది. అనువాదకుడికి, అచ్చుకు డబ్బు ముందే ముట్టింది. అమ్మకానికి వేసింది కూడా కాదు. మరి ఆ తలుపుకు తాళం ఎవరి కోసం?

మా ప్రాంతం వాళ్లకు ఒక సంగతి గుర్తు చేస్తాను. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. మర్నాటి నుంచి అంతమందికి నేర్పిందెవరు? రామాయపట్నంలో సెమినరీ అప్పటికే ఉంది, కానీ అందులో పట్టేది ఎందరు? పల్లె బోధకులే నేర్పారు, తెలిసిన మాటల్లో, తెలిసిన పోలికలతో. ఆ పని ఈ రోజుకూ అలాగే సాగుతోంది.

విద్యార్థి ఊళ్లోనే, సంఘంలోనే ఉండి వేదాంత విద్య నేర్చుకునే పద్ధతిని 1963లో గ్వాటెమాలా ప్రెస్బిటేరియన్ సెమినరీ వారు మొదలుపెట్టారు. మన దేశంలో 1971లో బెంగళూరులో ఆ పద్ధతిలోనే నేర్పే టాఫ్టీ అనే సంస్థ ఏర్పడింది. ఇంట్లో పాఠం చదివి జవాబులు రాసుకోవాలి, వారానికోసారి కూడి మాట్లాడుకోవాలి, నేర్చింది సంఘంలో చేసి చూడాలి. వారంలో ఆరు రోజులు చెప్పేవాళ్లు దగ్గరుండరు, పుస్తకమే మాస్టారు. ఆ మాస్టారు డాలర్లలో మాట్లాడితే ఎలా?

"నెట్లో ఉచితంగానే దొరుకుతోంది కదమ్మా" అని చాలామంది అంటారు. చదువుకోవడానికి ఉచితం వేరు, మార్చుకోవడానికి అనుమతి వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా అరవై ఏళ్లు హక్కు ఉంటుంది, అనువాదం చేసే హక్కూ అందులోనిదే. 1890లో కన్నుమూసిన క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను ఇవాళ ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, కొత్త రాగం కట్టుకోవచ్చు. నిన్న మొన్న రాసిన పాఠానికి ఆ స్వేచ్ఛ రావాలంటే రాసినవాళ్లే నోరు తెరిచి ఇవ్వాలి. ఎవరెవరు ఎలా వాడుకోవచ్చో రచయితే ముందుగా చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చింది అందుకే. వాటిలోనూ చూసి తీసుకోవాలి. 'ఎన్‌డి' అని ఉంటే మార్చినదాన్ని పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందే లెక్క. 'బివై-ఎస్ఏ' అని ఉంటే మూలం పేరు చెప్పి, ఏం మార్చామో చెప్పి, మన మార్పునూ అదే షరతుతో ఇవ్వాలి. మాలాంటి వాళ్లకు పనికొచ్చేది ఇదే.

నాకు ధైర్యమిచ్చింది అన్‌ఫోల్డింగ్‌వర్డ్ అనే సంస్థ వారి యాభై బైబిల్ కథలు. సృష్టి నుంచి ప్రకటన వరకు, తెలుగులోనూ ఉన్నాయి, బివై-ఎస్ఏ లైసెన్సుతో. ఐఆర్‌వి (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) అనే తెలుగు బైబిలు అనువాదం కూడా అలాగే వచ్చింది. ఆ కథలు తీసుకుని నా ప్రశ్నలు, మా తరగతి లెక్కలు చేర్చి పన్నెండు పాఠాలు రాశాను. సముద్రం ఒడ్డు పల్లెలో ఒక ఉపదేశి వాటిని తీసుకుని కూలి లెక్క బదులు వేట లెక్క పెట్టాడు, పడవకు ఎంత, వలకు ఎంత అని. ఏడో పాఠంలో నేను వేసిన వచనం నంబరు తప్పని చెప్పి సరిదిద్దింది కూడా అతనే.

ఇలా వదిలేస్తే దుర్బోధ చొరబడుతుందని పెద్దలు భయపడుతున్నారు. ఆ భయం నాకూ ఉంది. కానీ ఇప్పుడు పల్లెల్లో తిరుగుతున్న జెరాక్సు కాగితాలకు పేరూ లేదు, ఊరూ లేదు. ఎవరు ఏం కలిపారో అడిగే దారే లేదు. మార్పు చెప్పి తీరాలనే షరతుంటే కనీసం ఎవరిది ఏ మాటో తెలుస్తుంది.

తెలుగు సంఘాలన్నిటికీ కలిపి ఒక ఆఫీసు లేదు, అందుకే ఈ ఉత్తరం పత్రికకు రాస్తున్నాను. కానుకల డబ్బుతో పాఠాలు తయారుచేసే సెమినరీలకు, డయోసిస్‌లకు, అనువాద సంఘాలకు నా విన్నపం. రెండో పేజీలో ఇంతే రాయండి: "ఈ పాఠాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు. మూలం చెప్పండి, ఏం మార్చారో చెప్పండి, మీరూ ఇదే షరతుతో ఇవ్వండి." కింద లైసెన్సు పేరు వేయండి. ఇంకొకటి, ఫైలు యూనికోడ్‌లో ఇవ్వండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కట్టిన పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేస్తే గజిబిజి అక్షరాలొస్తాయి. మొదటి పాఠాన్ని నేను రెండు రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేశాను, కళ్లజోడు మార్చిన వారంలో.

మా పన్నెండు పాఠాలూ ఆ షరతుతోనే ఉన్నాయి. శనివారం తరగతికి పెన్‌డ్రైవ్ తెచ్చుకున్న వాళ్లకు ఎక్కించి ఇస్తున్నాం. పదమూడోది క్షమించని దాసుడి పాఠం. పాత పుస్తకం పక్కన పెట్టి, ఆమె ప్రశ్నతో మొదలుపెట్టి రాస్తున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు
ఉలవపాడు మండలం